డాక్టరుపై మెడికల్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేస్తే ఏం జరుగుతుంది, ఏది నిలబడుతుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది చిత్తూరు దగ్గరి పల్లె. మీ అమ్మగారికి తిరుపతిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ జరిగింది. ఆ రాత్రి పదకొండు దాటాక కడుపు ఉబ్బి, చెమటలు పట్టి, బీపీ పడిపోయినా ఆపరేషన్ చేసిన సర్జన్ తెల్లవారేదాకా రాలేదు. ఉదయం మీరే వేరే పెద్ద ఆసుపత్రికి తరలిస్తే, అక్కడ మళ్ళీ పొట్ట తెరిచి, లోపల చేరిన రక్తాన్ని తీసి ప్రాణం నిలబెట్టారు. మొదటి నర్సింగ్ హోం వారేమో బిల్లులో బాకీ ఉందని కేస్ షీట్ ఇవ్వడం లేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి, డాక్టరు లైసెన్సు రద్దు చేస్తారా, ఎంత కాలం పడుతుంది, లాయరు తప్పనిసరా అని అడిగారు.

నేను తిరుపతి కోర్టుల్లో ఇరవై ఏడేళ్ళుగా న్యాయవాదిగా ఉన్నాను. ఎక్కువగా రోగుల తరఫున, కొన్నిసార్లు డాక్టర్ల తరఫున మెడికల్ కౌన్సిల్ ముందు హాజరయ్యాను. రెండు వైపులా నిలబడి చూసినందువల్ల, ఏ ఫిర్యాదు నిలుస్తుందో ఏది మొదటి చూపులోనే వీగిపోతుందో కొంత తెలిసింది. ఆ తెలిసినదే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా మనసులో పెట్టుకోండి. మెడికల్ కౌన్సిల్ మీకు నష్టపరిహారం ఇప్పించదు, ఎవరినీ జైలుకు పంపదు, నర్సింగ్ హోంను మూయించదు. రిజిస్టరులో పేరున్న ఒక వైద్యుడు తన వృత్తి ధర్మం ప్రకారం చేయవలసినది చేశాడా లేదా అన్న ఒక్క ప్రశ్ననే అది విచారిస్తుంది. తప్పు రుజువైతే హెచ్చరించవచ్చు, కొంతకాలం పాటు రిజిస్టరు నుంచి పేరు తీసివేయవచ్చు, మరీ తీవ్రమైన సందర్భాల్లో శాశ్వతంగా తొలగించవచ్చు. పేరు తీసివేసినంత కాలం ఆ వ్యక్తి వైద్యం చేయడానికి వీల్లేదు. మీరు ‘లైసెన్సు రద్దు’ అంటున్నది దీన్నే. అది జరగదని అనను, కానీ మొదటి ఫిర్యాదుకే శాశ్వతంగా పేరు పోతుందని ఎవరైనా మీకు ఆశ పెడితే నమ్మవద్దు.

పరిహారం కావాలంటే దారి వేరు. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ప్రతివాది తిరుపతిలో ఉన్నా సరే. అయితే దానికి రెండేళ్ళ గడువు ఉంది. కౌన్సిల్ ఏదో ఒకటి తేల్చాక చూద్దామని కూర్చుని ఆ గడువు దాటబెట్టుకున్నవారిని నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. రెండూ వేర్వేరు దారులు, రెండింటినీ ఒకేసారి నడపవచ్చు.

పోలీసు స్టేషన్ మూడో దారి. మన ప్రాంతంలో అందరూ మొదట వెళ్ళేది అక్కడికే, లేదా ఆసుపత్రి గేటు ముందు బైఠాయించడానికి. నా సలహా అడిగితే, మీ సందర్భంలో రెండూ వద్దు. డాక్టరుపై క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదని, అది చాలా తీవ్రమైనదై ఉండాలని, ముందుగా మరో అర్హుడైన వైద్యుని అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ వైద్యునిది, తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. పైగా ఇటువంటి కేసులు ఎక్కువగా ప్రాణం పోయిన సందర్భాల్లో పెట్టే సెక్షన్ చుట్టూ తిరుగుతాయి. మీ అమ్మగారు బతికి బయటపడ్డారు, అది మీ అదృష్టం. ఇక ఆసుపత్రి దగ్గర గొడవకు దిగితే, వైద్య సిబ్బందిపై దాడులను నిరోధించే 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మీ మీదే నాన్ బెయిలబుల్ కేసు పడుతుంది. న్యాయం మీ వైపు ఉండి కూడా ముద్దాయిగా కోర్టు చుట్టూ తిరగవలసిన అవస్థ ఎవరికీ రాకూడదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఫిర్యాదు రాయడానికి ముందు కేస్ షీట్ చేతికి రావాలి, కనీసం అడిగినట్టు రుజువైనా ఉండాలి. వైద్యుల వృత్తి ప్రవర్తనకు సంబంధించిన 2002 నాటి నిబంధనలు ఇప్పటికీ అమలులో ఉన్నాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది గానీ అదే నెలలో వాటిని నిలిపివేసి పాతవాటినే కొనసాగించింది. ఆ 2002 నిబంధనల ప్రకారం ఇన్ పేషెంట్ల రికార్డులను మూడేళ్ళు భద్రపరచాలి. రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన సహాయకుడు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడమే ఒక దుష్ప్రవర్తన కింద లెక్క. బిల్లు బాకీ ఉంటే ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు ఆ నిబంధనలో లేదు. బాకీ వసూలుకు వారికి వేరే మార్గాలు ఉన్నాయి.

అడిగే పద్ధతిలో ఒక మెలకువ ఉంది. చాలామంది ‘మేనేజ్‌మెంట్ వారికి’ అని రాసి కౌంటరులో ఇచ్చి వస్తారు. తీరా విచారణలో సర్జన్, ‘రికార్డులు యాజమాన్యం దగ్గర ఉంటాయి, నన్ను ఎవరూ అడగలేదు’ అంటారు. కౌన్సిల్ అధికారం డాక్టరు మీదే గనుక ఆ మాట అక్కడ చెల్లుబాటు అవుతుంది. అందువల్ల మీ అమ్మగారి సంతకంతో ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు మీద ఒకటి, నర్సింగ్ హోం పేరు మీద ఒకటి, రెండు ఉత్తరాలు రాయండి. చేరిన తేదీ, ఐపీ (ఇన్ పేషెంట్) నంబరు వేసి, పూర్తి కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్ట్, నర్సుల నోట్స్, జ్వరం, నాడి, శ్వాస వంటివి వేళవారీగా రాసే టీపీఆర్ చార్ట్, కన్సెంట్ ఫారాలు, ల్యాబ్ రిపోర్టుల నకళ్ళు కావాలని విడివిడిగా పేర్కొనండి. చేతికిచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టి అదే కేస్ షీట్ అంటే ఒప్పుకోవద్దు.

రెండో ఆసుపత్రి ఫైలు కూడా ఇప్పుడే, మొత్తం, తీసుకోండి. మీ కేసుకు బలం అందులోనే ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. కొన్నేళ్ళ క్రితం పుత్తూరు వైపు నుంచి ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. వారిదీ ఇటువంటిదే, ఆపరేషన్ తర్వాత రాత్రి పట్టించుకోలేదన్న బాధ. మొదటి ఆసుపత్రి ఇచ్చిన టీపీఆర్ చార్టును బల్ల మీద పరిచి చూస్తే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా గంట గంటకూ బీపీ 120/80, నాడి 82 లేదా 84. తొమ్మిది వరసలు, ఒకే పెన్ను, ఒకే వాలు, అంకెల మధ్య ఒకే ఎడం. రాత్రంతా లేచి లేచి రాసిన చేతిరాత అలా ఉండదు, ఒక్కసారి కూర్చుని నింపినది అలా ఉంటుంది. పక్కన రెండో ఆసుపత్రి క్యాజువాలిటీ చీటీ పెట్టాం. ఉదయం ఏడూ పది నిమిషాలకు బీపీ 70/40, నాడి 138, హిమోగ్లోబిన్ 5.8. ఆపరేషన్‌కు ముందు అదే మనిషికి 11.4 ఉంది. అంత రక్తం లోపల కారడానికి గంటలు పట్టిందని కౌన్సిల్‌లో కూర్చున్న డాక్టర్లకు మనం వివరించనక్కర లేకపోయింది. ఆ రెండు కాగితాలను వారు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ ఆ చార్టు గురించే.

దీనివల్ల మీకు తెలియవలసింది ఏమిటంటే, ఆపరేషన్ తర్వాత రక్తస్రావం జరగడమే తప్పు అని రాస్తే మీ ఫిర్యాదు నిలవదు. గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో రక్తస్రావం, పైత్యరస నాళానికి దెబ్బ తగలడం వంటివి ఎంత మంచి సర్జన్ చేతిలోనైనా ఒక్కోసారి జరుగుతాయి. వీటిని కాంప్లికేషన్ అంటారు. తోటి వైద్యులు అంగీకరించే పద్ధతిలో ఆపరేషన్ చేసిన వైద్యుడిని, ఫలితం చెడిందన్న కారణంగా నిర్లక్ష్యం చేశాడనడానికి వీల్లేదు. ఇది న్యాయమైన సూత్రమే. లేకపోతే కష్టమైన ఆపరేషన్‌కు ఏ డాక్టరూ ముందుకు రారు. కానీ కాంప్లికేషన్ వచ్చాక ఎవరు గుర్తించారు, ఎప్పుడు గుర్తించారు, ఏం చేశారు అన్నది వేరే ప్రశ్న. నాడి పెరుగుతూ, బీపీ తగ్గుతూ, మూత్రం తగ్గిపోతూ ఉంటే లోపల ఏదో జరుగుతోందని డ్యూటీలో ఉన్నవారికి తెలియాలి, సర్జన్‌కు కబురు వెళ్ళాలి, సర్జన్ రావాలి లేదా రోగిని వెంటనే పైఆసుపత్రికి పంపాలి. మీ ఫిర్యాదు ఆ ఏడెనిమిది గంటల గురించి ఉండాలి. ఆపరేషన్ ఎందుకు చేశారు, ఫీజు ఎంత తీసుకున్నారు, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారు అన్నవి మీకు బాధ కలిగించి ఉంటాయి, నేను కాదనను. అయినా వాటిని కలిపి పది పేజీలు రాస్తే చదివేవారి దృష్టి చెదిరి, అసలు విషయం అడుగున పడిపోతుంది.

ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ఎవరో తప్పక కనుక్కోండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, కొన్ని కేసుల్లో ఇదే మొత్తం కథను మార్చింది. ఆ వ్యక్తి ఎంబీబీఎస్ అయితే కౌన్సిల్ పరిధిలోకి వస్తారు. ఆయుర్వేద, హోమియో డిగ్రీ ఉన్నవారైతే వారిని విచారించే సంస్థలు వేరు. అయితే అటువంటివారి చేతికి తన రోగిని వదిలి వెళ్ళిన సర్జన్ మాత్రం మెడికల్ కౌన్సిల్‌కు జవాబు చెప్పవలసిందే. ఏ డిగ్రీ లేకుండా అల్లోపతి వైద్యం చేసినవారి మీద క్రమశిక్షణ చర్య అనే మాటే రాదు, ఎందుకంటే వారి పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. అది నేరం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రతి డాక్టరూ తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, చీటీలు, సర్టిఫికెట్లు, రసీదుల మీదా చూపాలని నిబంధన ఉంది. మీ దగ్గరున్న మందుల చీటీ తీసి చూడండి. ఆ నంబరుతో జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టరును వెతికితే పేరు, ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో ఏ సంవత్సరం నమోదైందీ కనిపిస్తుంది.

ఏ కౌన్సిల్ అన్నది మన జిల్లాలవారికి ప్రత్యేకంగా చెప్పాలి. చిత్తూరు నుంచి జనం వైద్యానికి వేలూరు, చెన్నై, బెంగళూరు వెళుతుంటారు. తమిళనాడు కౌన్సిల్‌లో నమోదై అక్కడే వైద్యం చేసే డాక్టరు మీద ఫిర్యాదును విజయవాడకు పంపితే అది కాలయాపనే. మీ సర్జన్ ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉంటే విజయవాడలోని ఆ కౌన్సిల్ రిజిస్ట్రారుకు పంపండి. నర్సింగ్ హోం మీద ఫిర్యాదు మాత్రం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి కార్యాలయానికి వెళ్ళాలి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ 2002 నాటి వేరే చట్టం కింద వారి చేతుల్లో ఉంటుంది. తిరుపతి 2022 ఏప్రిల్ 4 నుంచి వేరే జిల్లా గనుక, మీరు చిత్తూరు జిల్లావారైనా తిరుపతి కార్యాలయంలోనే ఇవ్వాలి. ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగి ఉండి, అయినా మీ దగ్గర డబ్బు కట్టించుకొని ఉంటే ఆ పథకాన్ని నడిపే ట్రస్టుకు మరో ఫిర్యాదు ఇవ్వండి.

ఫిర్యాదు అందాక జరిగేది ఇది. ముందుగా అది తమ పరిధిలోనిదేనా, అందులో విచారించదగిన ఆరోపణ ఉందా అని చూస్తారు. ఉంటే మీ ఫిర్యాదు నకలు జతచేసి డాక్టరుకు నోటీసు పంపి సంజాయిషీ అడుగుతారు. డాక్టరు జవాబు వచ్చాక ఇరువైపులవారినీ పిలిచి వింటారు. అవసరమైతే ఆ విభాగంలో అనుభవమున్న నిపుణుల అభిప్రాయం తీసుకుంటారు. వృత్తిలో అసమర్థత అనే విషయాన్ని తోటి వైద్యులే తేల్చాలని నిబంధనే చెబుతోంది. డాక్టరుకు తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా శిక్ష వేస్తే అది పైన నిలవదు, కాబట్టి రెండు మూడు వాయిదాలు ఇస్తే కోపం తెచ్చుకోవద్దు. విచారణ నడుస్తుండగా ఆ డాక్టరును వివాదంలో ఉన్న ఆపరేషన్ చేయకుండా ఆపే అధికారం కూడా కౌన్సిల్‌కు ఉంది, కానీ దాన్ని అరుదుగా వాడతారు. లాయరు తప్పనిసరి కాదు, డాక్టరు స్వయంగా గానీ లాయరు ద్వారా గానీ వాదించుకోవచ్చు. మీరు కాగితాలు సరిగ్గా అమర్చుకోగలిగితే స్వయంగా వెళ్ళినా ఏ లోటూ ఉండదు. అంతకంటే మీకు కావలసింది రెండు ఫైళ్ళనూ చదివి ఏ గంటకు ఏం జరిగి ఉండాలో చెప్పగల ఒక నిష్పక్షపాతి అయిన సర్జన్. దొరకడం కష్టమే, అయినా విశ్రాంత ప్రభుత్వ వైద్యుల్లో అటువంటివారు ఉన్నారు.

డాక్టర్లే కూర్చుని డాక్టరును విచారిస్తే న్యాయం ఎలా జరుగుతుందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ అనుమానానికి కారణం లేదని నేను అనను. కాంప్లికేషన్ల విషయంలో వారు ఉదారంగానే ఉంటారు. కానీ రికార్డు దిద్దడం, రాత్రి రోగిని గాలికి వదిలేయడం, రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం వంటివి కనిపించినప్పుడు వారు కఠినంగా ఉండడం నేను చూశాను. బహుశా అవి తమ వృత్తి పరువును తీసే పనులని వారికే ఎక్కువగా తెలుసు. మీ ఊరి ఆర్ఎంపీ ఎవరైనా ఆ నర్సింగ్ హోంకే వెళ్ళమని పట్టుబట్టి ఉంటే, కమీషన్ మీద రుజువు ఉంటేనే ఆ సంగతి రాయండి. ఊహతో రాసిన ఒక్క వాక్యం మిగతా నిజాలను కూడా అనుమానించేలా చేస్తుంది.

కాలం విషయానికి వస్తే, ఆరు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని నిబంధనలో ఉంది. ఆచరణలో ఆలస్యమవుతుంది. ఫిర్యాదు ఏ దశలో ఉందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద కౌన్సిల్‌నే అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ కదలకపోతే, గడువులోగా తేల్చమని ఆదేశించాలని కోరుతూ అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆ దశలో మాత్రం లాయరు కావాలి.

నన్ను ఎక్కువగా బాధించే లోపం అప్పీలు దగ్గర ఉంది. 2019 చట్టం ప్రకారం రాష్ట్ర కౌన్సిల్ నిర్ణయం నచ్చని డాక్టరు జాతీయ కమిషన్‌లోని నైతిక, నమోదు మండలికి, అక్కడా నచ్చకపోతే 60 రోజుల్లో కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఆ సెక్షన్‌లో రోగి మాట లేదు. ఆ కారణం చూపి రోగుల అప్పీళ్ళను తిరస్కరించిన సందర్భాలున్నాయి. 2002 నిబంధనల్లో మాత్రం బాధితులు ఎవరైనా 60 రోజుల్లో అప్పీలు చేసుకునే వీలు ఉంది. ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషికి ఒక్క మెట్టు, ఆరోపణ ఎదుర్కొన్నవారికి మూడు మెట్లు ఉండడం న్యాయం కాదని నా అభిప్రాయం, చట్టాన్ని సవరించే దాకా ఆ మాట చెబుతూనే ఉంటాను. మీ అప్పీలును అక్కడ స్వీకరించకపోతే మీకు మిగిలేది హైకోర్టే. అందువల్ల రాష్ట్ర కౌన్సిల్ ముందు పెట్టే కాగితాలు మొదటిసారే సంపూర్ణంగా ఉండాలి. తర్వాత చూసుకుందామని ఏదీ దాచుకోవద్దు.

ఈలోగా ఎవరైనా పెద్దమనుషులు మధ్యవర్తిత్వానికి రావచ్చు. బిల్లు మాఫీ చేస్తాం, కొంత డబ్బు ఇస్తాం, ఒక కాగితం మీద సంతకం పెట్టండి అంటారు. రాజీ పడాలా వద్దా అన్నది మీ కుటుంబం నిర్ణయించుకోవలసిన విషయం, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కానీ ఆ కాగితంలో ‘వైద్యంలో ఎటువంటి లోపమూ జరగలేదు’ అన్న వాక్యం ఉందేమో చదివి చూడండి. ఉంటే సంతకం పెట్టవద్దు, అది జరిగిన సంగతి కాదు. అలాగే డబ్బు రాబట్టడానికి కౌన్సిల్ ఫిర్యాదును బెదిరింపుగా వాడవద్దు. ‘ఇంత ఇస్తే వెనక్కి తీసుకుంటాం’ అన్న మీ వాట్సాప్ సందేశమే అవతలివారికి సాక్ష్యం అవుతుంది.

ఫిర్యాదును రెండు మూడు పేజీలకు మించనివ్వకండి. తేదీ, గంట, ఏం జరిగింది, ఎవరికి చెప్పారు, వారు ఏమన్నారు, ఈ వరసలో రాయండి. మీ ఫోనులో ఆ రాత్రి నర్సింగ్ హోంకు చేసిన కాల్స్ జాబితా ఉంటే స్క్రీన్ షాట్ తీసి జతచేయండి. తరలించిన అంబులెన్సు రసీదు మీద వేళ ఉంటుంది, అదీ పెట్టండి. అసలు కాగితాలు మీ దగ్గర ఉంచుకుని నకళ్ళే పంపి, విచారణ రోజున అసలువి తీసుకెళ్ళండి.

మీ అమ్మగారు ప్రయాణం చేయగలిగితే విజయవాడ విచారణకు ఆమెనూ తీసుకెళ్ళండి. ఏం చెప్పాలో ముందుగా నేర్పించవద్దు. ఆ రాత్రి ఆమెకు ఎప్పుడు స్పృహ ఉంది, పక్కన ఎవరున్నారు, సిస్టర్‌ను ఎన్నిసార్లు పిలిచారు, వచ్చినప్పుడు బీపీ చూశారా లేదా అన్నది ఆమెకు గుర్తున్నంత వరకు, గుర్తు లేనిదాన్ని గుర్తు లేదనే, చెప్పనివ్వండి.